సవరణ: ఆత్మహత్య వార్తల మీద మొన్నటి పోస్ట్ గురించి

ఇంటర్ రిజల్ట్స్ టైంలో పిల్లల ఆత్మహత్యల వార్తలు మన పేపర్లలో ఎలా వస్తున్నాయో మొన్న రాశా కదా, దానికి చాలామంది "అయితే వార్తే వేయొద్దంటావా, కాలేజీలని కాపాడదామనా" అని తగులుకున్నారు. అబ్బే, నేనన్నది అది కాదు. కాలేజీ తప్పుంటే రాయాలి, పేరు పెట్టి మరీ రాయాలి. వద్దన్నది ఎలా చనిపోయారు, ఎక్కడ అన్న డీటైల్స్, ఫొటో, సంచలనం హెడ్డింగూ. ఇది నా సొంత పైత్యం కాదండీ, పత్రికల తీరు మీద కన్నేసి ఉంచే ప్రెస్ కౌన్సిల్ 2019లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లోనే ఉంది.

ఇంకోటి, స్ట్రింగర్లని (ఊళ్ళ నుంచి వార్తలు పంపే పార్ట్ టైం విలేకరుల్ని) తిట్టినట్టు కొందరికి అనిపించిందట. విజయవాడలో డెస్క్ మీద (వచ్చిన వార్తలు దిద్ది పేజీలో పెట్టే చోట) కూర్చున్నోళ్ళకి తెలుసు, రాత్రి పదింటికి వాట్సాప్‌లో వార్త కాపీ, దాని వెనకే ఫొటో, అవతల జిల్లా పేజీ ప్రింటింగ్‌కి వదలాలని ఒకటే గోల, పక్క పేపర్లో ఫొటో వచ్చి మనకి రాకపోతే పొద్దున్నే తిట్లు తినేది ఆ స్ట్రింగరే, కాబట్టి నేనడిగేది డెస్క్‌నీ పైవాళ్ళనీ. (వరసగా ఇవే వార్తలు దిద్దే సబ్ఎడిటర్‌కి నిద్ర పడుతోందా అని ఎవరూ అడగరు, అది వేరే కథ.)

చట్టం ముక్క ఒకటి కలుపుతున్నా. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం అని మొన్న పైపైన అని వదిలేశా, అందులో 24వ సెక్షన్ చూడండి, ఆస్పత్రిలో మానసిక చికిత్స తీసుకుంటున్న మనిషి ఫొటో గానీ వివరాలు గానీ ఆ మనిషి ఒప్పుకోకుండా మీడియాకి ఇవ్వకూడదు. వార్త కింద టెలి మానస్ (మానసిక సాయం కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్) నంబర్ 14416 వేయాలని మొన్న రాసిన లైన్ మాత్రం అలాగే ఉంచుతున్నా.