పాత బోటు కొనేవాళ్ళకి ఒక మాట: బేరం ఒక్కసారే ఆడండి

పోయినేడాది నా బోటు అమ్మాను. పదకొండేళ్ళు నా దగ్గరున్న బోటు. కొన్నతను మొదటిసారి చూడడానికి వచ్చిన రోజే ధర మాట్లాడుకున్నాం. నేను కొంత దిగాను, అతను కొంత ఎక్కాడు, ఇద్దరం సరే అనుకున్నాం. తర్వాత అతను సర్వే, అంటే నిపుణుడితో బోటు తనిఖీ, చేయించుకున్నాడు. రిపోర్ట్‌లో భయపడాల్సింది ఏమీ రాలేదు. అయినా డబ్బు ఇస్తానన్న రోజున ఆ రిపోర్ట్ ప్రింట్ తీయించి, ముప్పై ఎనిమిది చోట్ల పసుపు రంగు పూసి తెచ్చాడు. కుషన్ మీద మరక. వెలిసిపోయిన రంగు. వెలగని ఒక చిన్న బల్బు. గడువు దాటిన ఫ్లేర్లు, అంటే ప్రమాదంలో సాయం కోసం వెలిగించే సిగ్నల్ మంటలు. ఒక్కోటి చదువుతూ ఒక్కో అంకె చెప్పి, చివరికి ఒప్పుకున్న ధరలో నాలుగో వంతు తగ్గించమన్నాడు.

అప్పటికే నేను బోటు కట్టే చోటు వదులుకుంటానని చెప్పేశాను. అడిగిన ఇంకొకాయన్ని వద్దని పంపించేశాను. ఈ రెండు సంగతులూ అతనికి తెలుసు, మాటల్లో నేనే చెప్పాను. చివరికి తగ్గించడానికి ఒప్పుకున్నాను. ఏడాది దాటినా ఆ కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అని మనకి సామెత ఉంది. బేరం అన్నాక ఎవరి లాభం వాళ్ళు చూసుకుంటారు, అందులో తప్పేం లేదు. నేను అడుగుతున్నది ఒక్కటే. ధర తగ్గించమనే ముందు దానికి చూపించగలిగే కారణం ఉండాలి. ఒక కారణానికి ఒక్కసారే తగ్గించమనాలి. మొదటి రోజు కంటితో చూసి ధర ఒప్పుకున్న మరకకి, ఆఖరి రోజు మళ్ళీ డబ్బు తగ్గించమనడం బేరం కాదు. అవతలి మనిషి వెనక్కి వెళ్ళలేని సమయం చూసి మెడ మీద కత్తి పెట్టడం.

పాత బోటుకి చెప్పే ధరలో దాని వయసు ముందే లెక్కలో ఉంటుంది. ఇరవై ఏళ్ళ బోటుకి ఇరవై ఏళ్ళ బోటు ధరే చెప్తారు. వెలిసిన జెల్‌కోటు (ఫైబర్‌గ్లాస్ మీది నున్నటి పైపూత), చిరిగిన సీటు, పాత రేడియో, ఇవన్నీ ఆ ధరలోనే కలిసిపోయి ఉంటాయి. ఫ్లేర్లయితే ఎలాగూ మూడు నాలుగేళ్ళకోసారి కొత్తవి కొనుక్కోవాల్సినవే. ఇలాంటివి చూపించి ధర తగ్గించమనాలంటే మొదటి రోజే అడగండి. ఇద్దరూ డెక్ మీద నిలబడి ఆ వస్తువుని చూస్తూ మాట్లాడుకోవచ్చు.

సర్వే తర్వాత మళ్ళీ మాట్లాడే హక్కు వేటికంటే, ఇద్దరికీ అప్పటిదాకా తెలియనివాటికి. అవి నిజంగా ఉంటాయి, ఖరీదైనవి కూడా. ఫైబర్‌గ్లాస్ డెక్ చాలా బోట్లలో లోపల బాల్సా చెక్కతోనో ఫోమ్‌తోనో నింపి ఉంటుంది. ఎప్పుడో ఒక బోల్టు బిగించినచోట సీలెంట్ పోతే, ఆ రంధ్రంలోంచి నీరు లోపలికి దిగి చెక్క కుళ్ళిపోతుంది. పైకి నున్నగానే కనిపిస్తుంది. సర్వేయర్ చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్తాడు. బాగున్నచోట ఖంగుమంటుంది, కుళ్ళినచోట మొద్దుగా, మట్టిని తట్టినట్టు వినిపిస్తుంది. అవుట్‌బోర్డ్ ఇంజన్ తగిలించే వెనక గోడ, అంటే ట్రాన్సమ్, అదీ అంతే. ఇంజన్‌ని పైకి వంచి దాని కింది కొన పట్టుకుని మెల్లగా కిందికీ పైకీ ఊపి చూడండి. దాంతో పాటు గోడ కూడా కదులుతుంటే లోపల చెక్క పోయినట్టే. అది పెద్ద రిపేరు, దానికి ధర తగ్గించమనడం న్యాయం. అమ్మేవాడు కూడా మొహం చిట్లించుకోకుండా ఒప్పుకోవాలి.

ఇంజన్ సంగతి ఇంకా ముఖ్యం. మీరు వెళ్ళేసరికి ఇంజన్ చల్లగా ఉండాలి. ముందే ఫోన్ చేసి "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని మర్యాదగా చెప్పండి. వెళ్ళగానే చెయ్యి ఆనించి చూడండి. వేడిగా ఉంటే ఎందుకని అడగండి. చల్లటి ఇంజన్ ఎలా అంటుకుంటుందన్నది చాలా సంగతులు చెప్తుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీళ్ళు కలిశాయి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ ఇంధనం సరిగా కాలకపోవడమో, ఇంజన్ మీద మోయలేనంత భారం పడడమో. స్టార్ట్ చేయగానే కాసేపు తెల్ల పొగ వచ్చి పోతే భయం లేదు, వేడెక్కాక కూడా ఆగకపోతే ఆలోచించాలి. పెట్రోల్ ఇంజన్‌కి కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష, చేయించండి. అన్ని సిలిండర్లలో ఇంచుమించు ఒకే అంకె రావాలి. ఒక్కటి మాత్రం మిగతావాటికంటే 10 శాతానికి మించి తక్కువగా ఉంటే మెకానిక్‌ని కూర్చోబెట్టి మాట్లాడించండి.

న్యాయం ఎక్కడ తప్పుతుందో చూడండి. ట్రయల్‌కి నీళ్ళలోకి వెళ్ళి ఫుల్ థ్రాటిల్ ఇచ్చారు. కంపెనీ చెప్పిన ఆర్.పి.ఎం., అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు, రాలేదు. వెంటనే కొనేవాడు "ఇంజన్ పోయింది" అని ధరలో సగం కోస్తాడు. అడుగున నత్తగుల్లలూ నాచూ గడ్డకట్టినా ఆర్.పి.ఎం. పడిపోతుంది. ప్రొపెల్లర్ సైజు తప్పయినా పడిపోతుంది. బోటు బయటికి తీసి అడుగు గీకించి మళ్ళీ ట్రయల్ చేస్తే ఒక్క పూటలో తేలిపోయే విషయం అది. ఆ సంగతి తెలిసి కూడా "ఇంజన్ పోయింది" అనేవాణ్ణి మోసగాడే అంటాను. తెలియక అంటే, తెలిసినవాణ్ణి వెంటబెట్టుకుని రావాలి. తేమ మీటర్ కొనుక్కుని వచ్చేవాళ్ళదీ ఇదే వరస. నీళ్ళలోంచి అప్పుడే తీసిన హల్ (బోటు అడుగు, పక్కల గోడలు) మీద మీటర్ పెడితే ఎక్కువే చూపిస్తుంది. అడుగున వేసే రంగులో రాగి ఉంటే ఇంకా తప్పు చూపిస్తుంది. హల్ మీద నాలుగు చిన్న బొబ్బలు కనిపించగానే బోటు మునిగిపోతుందన్నట్టు మొహం పెట్టేవాళ్ళని చూశాను. వందల కొద్దీ బొబ్బలైతే వేరు. నాలుగైదు ఉంటే గీకి, ఆరబెట్టి, ఎపాక్సీ జిగురు పెట్టుకుంటే సరిపోతుంది.

ఇంజన్ గంటల మీటర్ గురించి అమ్మేవాళ్ళకి చెప్పాలి. "పదేళ్ళలో వంద గంటలే తిరిగింది" అని గొప్పగా చెప్పి ఎక్కువ అడుగుతారు. తిరగని ఇంజన్ మంచి ఇంజన్ కాదండీ. నీళ్ళు తోడే పంపులో రబ్బరు ఇంపెల్లర్ గట్టిపడిపోతుంది, ట్యాంకులో పెట్రోల్ చెడిపోతుంది, ఉప్పు లోపల కూర్చుని తినేస్తుంది. ఏటా ఆయిల్ మార్చి, ఆ బిల్లులు దాచిపెట్టిన డీజిల్ ఇంజన్ రెండు వేల గంటలు తిరిగినా నేను దాన్నే నమ్ముతాను. బిల్లులు చూపించగలిగితే ఎక్కువ అడగండి. మీటర్ అంకె ఒక్కటే చూపించి అడగకండి.

రిపేరు ఖర్చు ఎలా పంచుకోవాలన్నదే అసలు గొడవ. కొనేవాడు వర్క్‌షాప్ నుంచి ఎస్టిమేట్ తెస్తాడు, మొత్తం తగ్గించమంటాడు. ఒక ఉదాహరణ అనుకోండి. ఇరవై ఏళ్ళ ఇంజన్ సర్వేలో పోయిందని తేలింది. కొత్త ఇంజన్ పెడితే, కొన్నవాడికి దక్కేది కొత్త ఇంజన్ ఉన్న బోటు. అతను ధర ఒప్పుకున్నది ఇరవై ఏళ్ళ ఇంజన్ ఉన్న బోటుకి. కొత్త ఇంజన్ ఖరీదంతా అమ్మేవాడు భరించాలనడం ఎలా న్యాయం? బాగా నడిచే అదే వయసు ఇంజన్‌కీ, చెడిపోయిన ఇంజన్‌కీ మధ్య తేడా అమ్మేవాడిది. పాతదానికీ కొత్తదానికీ మధ్య తేడా కొనేవాడిది. తెరచాప బోట్లలో స్తంభాన్ని పట్టి ఉంచే తీగల విషయంలోనూ ఇదే లెక్క. 10 నుంచి 15 ఏళ్ళయితే మార్చమని సర్వేయర్లు రాస్తారు, బీమా వాళ్ళూ అడుగుతారు. తీగలు ఎన్నేళ్ళవో అమ్మేవాడు మొదటి రోజే చెప్పి ఉంటే, ఆ ఖర్చు మీరు అప్పుడే లెక్కలో వేసుకుని ఉండాలి. దాచి ఉంటే మాత్రం అది అతని మీదే పడాలి.

కాగితాల దగ్గర నాకు బేరమే లేదు. బోటు వెనక కుడివైపు హల్ నంబర్ చెక్కి ఉంటుంది. అమెరికాలో 1972 చివరి నుంచి తయారైన బోట్లకి అది తప్పనిసరి, అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉంటాయి, అక్కడి కొత్త బోట్లకి చివరి రెండంకెలు మోడల్ ఏడాది. ఏ దేశం బోటైనా ఆ నంబరూ, కాగితం మీద నంబరూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఇంజన్ నంబర్ చూడండి. ట్రైలర్ ఉంటే దాని కాగితాలు వేరు. బోటు మీద అప్పుందా, ఇంకొకరి పేరు కూడా ఉందా అని నేరుగా అడగండి. కాగితం లేని బోటుని తక్కువకి ఇస్తామంటారు. తక్కువకి కొంటే కాగితం పుట్టదు. తెమిలేదాకా ఆగండి, లేకపోతే వదిలేయండి.

వరస కూడా ముఖ్యం, చాలా గొడవలు వరస తప్పడం వల్లే వస్తాయి. ముందు చూడాలి. తర్వాత ధర మాట్లాడుకోవాలి. కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోవాలి: ఇంత ధర, ఇంత అడ్వాన్సు, సర్వేలోనూ ట్రయల్‌లోనూ పెద్ద లోపం బయటపడితే అడ్వాన్సు తిరిగివ్వాలి, ఫలానా తేదీలోగా తేల్చాలి. పెద్ద లోపం అంటే ఏమిటో కూడా అక్కడే రాసుకోండి: ఇంజన్, హల్, డెక్, ట్రాన్సమ్, ట్యాంకు, స్తంభం. అప్పుడు కుషన్ మరక పేరెత్తడానికి ఎవరికీ వీలుండదు. సర్వే ఖర్చు కొనేవాడిది, బోటు పైకి తీయించే ఖర్చూ మామూలుగా అతనిదే. ధర మాటే ఎత్తకుండా "ఒక రౌండ్ తిప్పి చూపించండి" అనేవాళ్ళకి నేనైతే తిప్పను. ఇంధనం నాది, ఆదివారం నాది.

అమ్మేవాడికి తెలియనిది కొనేవాడికి తెలిస్తే ఏం చేయాలి? నాకు ఇది ఊహ కాదు. ఇప్పుడు నా దగ్గరున్న బోటు భర్త పోయిన ఒక పెద్దావిడ దగ్గర కొన్నాను. ఆవిడకి బోటు గురించి ఏమీ తెలియదు, ఎవరో చెప్పిన ధర చెప్పారు. షెడ్డులో అట్టపెట్టెలోంచి తీయని చార్ట్ ప్లాటర్ (నీళ్ళ మీద దారి చూపించే మ్యాప్ తెర), ఇంకా మడత విప్పని కొత్త తెరచాప ఉన్నాయి. "ఈ సామానంతా కూడా తీసుకుపో బాబూ, అడ్డంగా ఉంది" అన్నారు. ఆ క్షణంలో నోరు మూసుకుని బండిలో వేసుకుని రావచ్చు. చట్టం నన్ను ఏమీ అనదు. "అమ్మా, ఇవి విడిగా అమ్మితే మీకు ఇంత వస్తుంది, కాదంటే నాకే ఇవ్వండి, కానీ ధర కలిపి ఇస్తాను" అన్నాను. ఆవిడ కాసేపు నన్నే చూశారు. ఇంతకుముందు వచ్చిన ఇద్దరూ ఆ షెడ్డు చూశారట, ఇద్దరూ ఏమీ అనలేదట. అదే బోటుకి డీజిల్ ట్యాంకులో తుప్పు ఉందని సర్వేలో తేలినప్పుడు నేను ఫోటోలు చూపించి తగ్గించమన్నాను. ఆవిడ మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. నేను చెప్పేది నిజమని ఆవిడకి షెడ్డు రోజే తెలిసిపోయింది.

బోటుని ఆమె ముందు తిట్టే అవసరం నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే సరుకుని తిడితే ధర దిగుతుందని చాలామంది నమ్ముతారు. అమ్మేవాడు ఆ బోటు మీద పిల్లలకి ఈత నేర్పి ఉంటాడు. తిట్టినవాడికి ఇవ్వకుండా తక్కువకి అడిగిన ఇంకొకడికి ఇచ్చేసినవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు.

నా బోటు కొన్నతని సంగతితో ఆపేస్తాను. డబ్బు తీసుకున్న రోజున నేను తాళాలు ఇచ్చి వచ్చేశాను. అసలైతే ఆ రోజంతా ఉండి, ఆ బోటుకున్న అలవాట్లన్నీ చూపించాలనుకున్నాను. రెండో బిల్జ్ పంపు (బోటు అడుగున చేరిన నీళ్ళు తోడేది) స్విచ్ బ్యాటరీ వెనక ఉంటుందని, ముందు కిటికీ వాన గాలికి కారుతుందని, చల్లటి రోజున థ్రాటిల్ ఎంత ముందుకి పెట్టి తాళం తిప్పాలో, అన్నీ. ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకుని వెళ్ళాను కూడా. ఇవ్వలేదు.

మూడు వారాల తర్వాత ఫోన్ చేశాడు. టాయిలెట్ దగ్గర్నుంచి నీళ్ళు వస్తున్నాయి, మూసే వాల్వ్ కనిపించడం లేదు అన్నాడు. గొంతులో భయం తెలుస్తోంది. నేల మీద రెండో పలక ఎత్తమన్నాను, ఎడమ చెయ్యి లోపలికి పెట్టి పిడిని అడ్డంగా తిప్పమన్నాను. నీళ్ళు ఆగాయని చెప్పేదాకా లైన్‌లోనే ఉన్నాను. తర్వాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ కాగితం ఇంకా నా డ్రాయర్‌లోనే ఉంది, రేపు ఫోటో తీసి అతనికి పంపిస్తాను.