మా మానిటర్‌లోని తెలుపు గారికి

మహారాజశ్రీ తెలుపు గారి సముఖానికి, పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసుకుని బతికేవాడు నమస్కరించి రాయునది ఏమనగా: ఉభయకుశలోపరి అందామంటే ఇక్కడ కుశలం లేదు.

నిన్న మధ్యాహ్నం పెళ్లికూతురి అమ్మగారు ఆల్బమ్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, తలంబ్రాల పేజీ తీశారు. "ఏం బాబూ, మా అమ్మాయి మధుపర్కాలు ఇంత మాసిపోయి ఉన్నాయా?" అన్నారు. చూద్దును కదా, దోసిట్లో బియ్యానికీ ఒంటి మీద చీరకీ తేడా లేదు, అంతా ఒకటే పసుపు. అదే పేజీ తమరిలో తెరిస్తే మల్లెపువ్వు!

తప్పెవరిదో తేలడానికి రాత్రంతా పట్టింది. తమరు నీలిమందు ఎక్కువైన పంచె. షాపులో పక్కవాటికన్నా తెల్లగా మెరవాలని ఫ్యాక్టరీలోనే ముంచి పంపారు. మధుపర్కాలు కాస్త నీలంగా కనిపిస్తే నేను కెమెరాని తిట్టుకుని పసుపు కలిపాను. తమరి నీలం తమరి దగ్గరే ఉండిపోయింది, నా పసుపు మాత్రం భద్రంగా ప్రెస్సుకి చేరింది.

స్నేహితుణ్ణి బతిమాలి కాలిబ్రేటర్ తెచ్చాను, తెర రంగుల్ని కొలిచి సరిచేసే పరికరం. ముందు అరగంట తమరిని వెలిగించి ఉంచాలట, దోసెల పెనం కాలినట్టు. లైట్లార్పి దాన్ని తమరి నుదుటి మీద వేలాడదీస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం, బూడిద గడులు ఒక్కొక్కటే వచ్చి పోయాయి. దిష్టి తీస్తున్నట్టే ఉంది. చివరికి లెక్క తేలింది. తెలుపుని కెల్విన్‌లలో కొలుస్తారట, అంకె పెరిగేకొద్దీ నీలం. ఉండాల్సింది 6500 కెల్విన్, తమరున్నది 8900. పైగా మెనూలో దాని పేరు 'కూల్'! ఇనుము ఎంత కాలితే అంత తెల్లబడుతుందని కమ్మరికి తెలుసు. తమరి లోకంలో ఎంత కాలితే అంత చల్లన. ఆ 6500 అయినా నిఖార్సా అంటే అదీ కాదు, అసలు అంకె 6504. కాలిన వస్తువు వెలుగుని లెక్కగట్టే ప్లాంక్ సూత్రంలో ఏదో స్థిరాంకం తర్వాత సవరించారట, నాలుగు పెరిగింది.

వెలుగు సంగతి ఎత్తను. తెర వెలుగు కొలతలో చదరపు మీటరుకి 120 క్యాండెలాలు చాలు, తమరు అంతకి రెట్టింపు మండుతుంటే నేను ఫోటోల్లో వెలుగు తగ్గించుకుంటూ పోయాను. ప్రింటులో వెనక కూర్చున్న చుట్టాలంతా కరెంటు పోయినట్టున్నారు. రాత్రి పదకొండింటికి ఫోన్‌లో, తెరని పసుపు చేసే ఐ కంఫర్ట్ మోడ్ ఆపకుండా పేజీలు చూసి 'ఓకే బ్రో' అన్న పెళ్లికొడుకునీ ఏమీ అనను. అల్లుడుగారు మరి.

కానీ ఒకటి మాత్రం మింగుడుపడటం లేదు. పక్కనున్న ల్యాప్‌టాప్‌ని కూడా అదే కాలిబ్రేటర్‌తో అదే 6500కి తెచ్చాను. రెండిట్లో అంకెలు ఒకటే. రెండిట్లోనూ ఖాళీ తెల్లపేజీ తెరిచాను. అక్కడ కొబ్బరి, ఇక్కడ పెరుగు మీద తేట. మళ్లీ చేశాను. మళ్లీ కొబ్బరి, మళ్లీ తేట. ఏమిటయ్యా ఇది? తెల్లవారుజామున మూడున్నర, నలభై షీట్లు నా డబ్బుతో మళ్లీ వేయించాలి, ఇంతకీ తెలుపు ఏది?

తెర వెనక వెలిగే బ్యాక్‌లైట్లు వేరైతే అంకెలు కలిసినా కళ్లకి కలవకపోవచ్చట. ఎందుకంటే ఆ అంకెలు నా కళ్లవి కావు. 1931లో ఖాయం చేసిన 'సగటు కన్ను' లెక్క అది. ఇంగ్లండ్‌లో రైట్ అనే ఆయన పదిమందినీ, గిల్డ్ అనే ఆయన ఏడుగురినీ కూర్చోబెట్టి రంగులు కలిపించి తేల్చారు. మొత్తం 17 మంది. వాళ్లలో మధుపర్కాలు చూసినవాడు ఒక్కడైనా ఉన్నాడా? నా టేబుల్ ముందు నిలబడి ఆల్బమ్ ఊపిన ఆవిడ కళ్లని ఎవరు అడిగారు? నువ్వు అడిగావా?

సరే, ఒకటి ఒప్పుకుంటాను. కాలిబ్రేట్ చేయగానే నీకు కామెర్లొచ్చినట్టు అనిపించింది. టీ తాగొచ్చి కూర్చునేసరికి ఆ పసుపు ఏమైపోయిందో, మామూలు తెల్లకాగితంలా ఉన్నావు. తలంబ్రాల పేజీ మొదటి నుంచీ చేశాను. చీర నేత కనిపించింది. భుజం దగ్గర ఎవరి చేతి పసుపో అంటి చిన్న మరక ఉంది, ఇన్నాళ్లూ నాకు కనపడనే లేదు. దాన్ని చెరపలేదు.

కొత్త షీట్లు శుక్రవారం వస్తాయి. ఆవిడ ట్యూబ్‌లైట్ కింద చూసి ఊరుకోరు, వసారాలోకి తీసుకెళ్లి ఎండలో పెట్టి చూస్తారు. ఇంకో మూడు పెళ్లిళ్లు క్యూలో ఉన్నాయి, కాలిబ్రేటర్ ఆదివారం తిరిగిచ్చేయాలి. అందాకైనా కదలకు.

ఇట్లు,
నీ తెలుపు తెలుపనుకున్నవాడు