తీర్మానాల పుస్తకం గారికి కోరం సభ్యురాలి విన్నపం

మహారాజశ్రీ మా వన సంరక్షణ సమితి తీర్మానాల పుస్తకం గారి దివ్యసముఖానికి,

ఒడిశాలో పర్లాకిమిడి పక్క పల్లె నుంచి కోరం సభ్యురాలు, అంటే మీటింగు చెల్లడానికి కావాల్సిన తలల లెక్క కోసం పిలిచే మనిషి, రాసుకున్నది. తమరు క్షేమమే అనుకుంటాను. ఒంటికి అట్ట, పైన ప్లాస్టిక్ కవరు, బీరువాలో మకాం. మీకేం లోటండీ!

నిన్న మధ్యాహ్నం మీటింగన్నారు. కూలి మానుకుని వెళ్లాం. పెద్దమనుషులు వచ్చేసరికి పొద్దు వాలింది. వస్తూనే తమరిని తెరిచి "ముందు సంతకాలు పెట్టండమ్మా" అన్నారు. మీటింగు మొదలవకముందే తీర్మానం సిద్ధం. నాకు తెలుగు అక్షరాలే వచ్చు, తమరేమో ఒడియాలో ఉన్నారు. ఒడియా బడిలో చదివిన మా కోడలు చదివి చెప్పింది: అడవిలో తీగలు నరికించాలట. దానికి "మహిళా సభ్యులు హర్షం వ్యక్తం చేశారు"ట.

ఎప్పుడు హర్షించామండీ?

ఆ తీగలంటే అడ్డతీగలు. అవి చుట్టుకుంటే టేకు, గుగ్గిలం మానులు వంకరపోతాయని వాళ్ల బాధ. మాకు ఆ తీగే సంపాదన. ఆకు కోసి, ఆరబెట్టి, పుల్లలతో విస్తళ్లు కుడతాం. పిక్కలు కాల్చుకు తింటాం. నారతో తాళ్లు పేనుకుంటాం. మమ్మల్ని అడిగి ఉంటే, లేత మానులకు చుట్టుకున్నవి తీసేయండి, గెడ్డ (వాగు) వారవి వదిలేయండి అని చెప్పేవాళ్లం. ఏ తీగ ఎక్కడుందో తెలిసినవాళ్లని వదిలేసి, కలప కొలిచేవాళ్లని అడిగారు.

సాధారణ సభలో సగం మంది, కార్యవర్గంలో 33 శాతం ఆడవాళ్లు ఉండాలని, మేం లేకుండా కోరమే లేదని 2000లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. మాకొచ్చే పిలుపు అందుకే. ఉపాధ్యక్షురాలు కూడా ఆడమనిషే, కుర్చీలో కూర్చునేది ఆవిడ మొగుడు. నర్సరీలో నీళ్లు మోయడానికి మాత్రం ఏ మొగుడూ బదులు రాడు. ఫొటోలో ముందు వరస కూడా మాదే, పాపం.

భోజనాలు మేమే వండాం. వడ్డన అడ్డాకు విస్తళ్లలో. ఒకాయన విస్తరి తిప్పి చూసి, "ప్లాస్టిక్ లేకుండా ఎంత బాగుందో!" అన్నాడు. ఆ చేత్తోనే కదయ్యా తీగ నరకమని సంతకం పెట్టావు!

ఇక తమరూ గిమరూ లేదు. విను పుస్తకమా, మా సంతకాల చోటు ఖాళీగానే ఉంది, చూసుకో. ఆ హర్షం కొట్టేయించు. ఆడవాళ్లు వద్దన్నారని రాయించి, అందరి ముందూ తెలుగులో చదివించు. అప్పటిదాకా నీకు కోరం లేదు. మా ఇళ్లకొచ్చి వేలిముద్రలు వేయించుకుందామని చూస్తే, పొయ్యి పక్కనే ఉంటుంది, జాగ్రత్త.