మోరోవిండ్ ఆడనివాడికి మారతహళ్లిలో ఇల్లు ఇవ్వరాదు

బెంగళూరుకి ఉద్యోగానికొచ్చే ప్రతి తెలుగు కుర్రాడూ పీజీ అడ్వాన్సు కట్టకముందే 2002 నాటి వీడియో గేమ్ మోరోవిండ్ ఆడి పాసవ్వాలని మా డిమాండు. ఇన్నేళ్లుగా జనం ఆ ఆటలో లోపాలని ఏకరువు పెడుతున్నవి, నిజానికి ఈ ఊరికి తగ్గ శిక్షణ.

మొదటి అభియోగం: కత్తి తగిలినట్టే కనిపిస్తుంది, దెబ్బ పడదు. లెక్క తెలియక వచ్చిన ఏడుపు ఇది. మీ పాత్రకున్న ఆయుధ నైపుణ్యానికి ఎజిలిటీలో (చురుకుదనం) ఐదో వంతు, లక్‌లో (అదృష్టం) పదో వంతు కలపండి. ఫటీగ్ (పేరు అలసటే గానీ, ఒంట్లో మిగిలిన సత్తువ) నిండుగా ఉంటే 1.25తో, సున్నా అయితే 0.75తో గుణించండి. లాంగ్ బ్లేడ్ (పొడుగు కత్తి) నైపుణ్యం 30, మిగతా రెండూ 40 చొప్పున ఉన్నవాడికి, ఫటీగ్ నిండుగా ఉంటే దెబ్బ తగిలే అవకాశం 52.5 శాతం. అదే రొప్పుతూ కొడితే 31.5. ఎదుటివాడు తప్పించుకునే లెక్క ఇందులోంచి మళ్లీ పోవాలి. ఆట మొదలయ్యే సెయ్డా నీన్ ఊళ్లో ఓడ దిగగానే గుహదాకా పరుగెత్తి, ఫటీగ్ చూపే ఆకుపచ్చ గీత అడుగంటాక కత్తి దూస్తే ఆటేం చేస్తుంది? పైగా చేతిలో ఉన్నది సెన్సస్ ఆఫీసులో ఎత్తుకొచ్చిన బాకు. అది షార్ట్ బ్లేడ్ (పొట్టి కత్తి) కిందికొస్తుంది, అయ్యగారి నైపుణ్యం అందులో 5. సిల్క్‌బోర్డు జంక్షన్‌లో గంటన్నర నిలబడొచ్చి నేరుగా మేనేజరుతో హైక్ గురించి వాదనకి దిగేవాడికీ ఇదే 0.75 వర్తిస్తుంది. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లండి.

రెండోది, మ్యాప్‌లో బాణం గుర్తు లేదట! ఆటలో మొదట కలవాల్సిన కైయస్ కొసాడెస్ అనే మనిషి ఇల్లెక్కడో చెప్పరు. బల్మోరా ఊరెళ్లి సౌత్ వాల్ కార్నర్‌క్లబ్ అనే సారాకొట్టులో అడగమంటారు. "ఆంధ్రా మెస్ దగ్గరికొచ్చి ఎవర్నడిగినా చెప్తారు బ్రో" అనే మాటకీ దీనికీ తేడా ఏమిటి?

దారంతా వెంటపడి పొడిచే క్లిఫ్ రేసర్ పక్షుల్ని మాత్రం మేం సమర్థించం. దోమలే నయం.

మూడోది కాస్త లోతైన విషయం. పాత్ర లెవెల్ పెరిగినప్పుడల్లా ఎండ్యూరెన్స్‌లో (ఓర్పు) పదో వంతు హెల్త్‌కి (ప్రాణశక్తి) కలుస్తుంది. ఎండ్యూరెన్స్ ఆలస్యంగా పెంచితే పాత లెవెళ్లకి ఎరియర్స్ ఇవ్వరు. కాబట్టి మొదటి లెవెళ్లలోనే ఎండ్యూరెన్స్‌కి చెందిన స్పియర్ (ఈటె), హెవీ ఆర్మర్, మీడియం ఆర్మర్ (కవచాలు) నైపుణ్యాలు కలిపి లెవెల్‌కి పది పాయింట్లు పెంచి, ఆపైన నిద్రపోవాలి. అప్పుడే ఎండ్యూరెన్స్ ఒకేసారి 5 పెరుగుతుంది. చేరేటప్పుడు బేసిక్ తక్కువకి ఒప్పుకుని, తర్వాత శాతాలు లెక్కేసుకుని కుమిలిపోయేవాళ్లకి ఇంత స్పష్టంగా ఎవరు చెప్పారు?

ఇక ఆటలో నిజంగా నమ్మశక్యం కానిది ఒకటే. కాల్డెరా ఊళ్లో ఘోరక్ మేనర్ మేడ మీద క్రీపర్ అనే స్కాంప్ ఉంటుంది. కురచ దయ్యం. దగ్గర 5000 నాణేలు, రోజు గడిస్తే మళ్లీ నిండుతాయి. తెచ్చిన కత్తినీ కవచాన్నీ బేరమాడకుండా అసలు ధరకే కొంటుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల అద్దె కోసుకోవడం దానికి చేతకాదు.