సవరణ: భూగర్భ గనుల్లో మహిళలు

సింగరేణి కార్మిక కుటుంబాల గురించి ఇంతకుముందు రాసిన వ్యాసంలో ‘మహిళలు భూగర్భ గనిలోకి దిగడానికి చట్టం ఒప్పుకోదు’ అన్న వాక్యం ఉంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1952 నాటి గనుల చట్టం 46వ సెక్షన్ చెప్పింది అదే. అయితే 2019లో కేంద్రం ఇచ్చిన మినహాయింపును దానితో కలిపి చదవాల్సింది. దాని ప్రకారం సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ బాధ్యతల్లో ఉన్న మహిళలు ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకు భూగర్భంలో పనిచేసే వీలుండేది. అందుకు వారి రాతపూర్వక అంగీకారం ఉండాలని, కనీసం ముగ్గురిని కలిపి పంపాలని షరతు ఉండేది. ఓపెన్‌కాస్టుల్లో (నేల పైనుంచి తవ్వే గనుల్లో) రాత్రి విధులకూ ఇలాంటి షరతులతోనే వీలు కల్పించారు.

దీన్ని సమానత్వం అనుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. నడుముకు బ్యాటరీ, తలకు దీపం కట్టుకుని ఉదయం 7 గంటల షిఫ్టుకు దిగే ఇంజనీరు అమ్మాయికి, మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 11 దాకా నడిచే రెండో షిఫ్టు అందేది కాదు. నేరుగా బొగ్గు తీసే కార్మికురాలి ఉద్యోగమైతే ఆ మినహాయింపులోనే లేకపోయింది. కారుణ్య నియామకాలపై చేరిన మహిళలు ఎక్కువగా ఉపరితలం పనుల్లోనే ఉన్నారని ఆ వ్యాసంలో రాసిన మాటలో మార్పు లేదు.