ఐవాష్ గారికి ఓ క్షేమ సమాచారం

కంట్లో రసాయనం పడితే కడిగే కుళాయి, శ్రీ ఐవాష్ స్టేషన్ గారికి,
హిస్టోపాథాలజీ (కణజాల పరీక్షల) గది, వెనక మూల.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని గోడకు వేలాడే రిజిస్టర్ చూసి తెలుసుకున్నాం. వారం వారం మిమ్మల్ని తిప్పి చూసినట్టు, ధార బాగానే వస్తున్నట్టు ఒకే పెన్నుతో వరసగా సంతకాలున్నాయి. ప్రసూతి సెలవులో ఉన్న మా మేడమ్ గారు కూడా ప్రతి సోమవారం వచ్చి మిమ్మల్ని పరీక్షించి వెళ్తున్నారట. ఆ కాసేపూ ఉయ్యాల ఎవరు ఊపుతున్నారో మరి.

మీ గురించి చదివితే భయభక్తులు కలిగాయి. అమెరికా వాళ్ల ఆన్సి జెడ్358.1 ప్రమాణం ప్రకారం, కంట్లో రసాయనం పడ్డవాడు 10 సెకన్లలో మిమ్మల్ని చేరుకోవాలి. మీరు 15 నిమిషాలు ఆగకుండా ధార పోయాలి. నీళ్లు 16 నుంచి 38 డిగ్రీల లోపు ఉండాలి. మన విజయవాడలో మే నెల మధ్యాహ్నం, మేడ మీది నల్ల ట్యాంకు నీళ్లతో! ఫార్మాలిన్ వదిలేసిన కన్ను మీ దగ్గర ఉడుకుతుంది. ఇక ఆ 10 సెకన్లంటారా, రియేజెంట్ల ఖాళీ అట్టపెట్టెలు, కాలు విరిగిన స్టూలు, మాప్ బకెట్ దాటేసరికే సరిపోతాయి.

వారానికోసారి తిప్పమన్నది ఊరికే కాదు. పైపులో నిలవున్న నీళ్లలో అకాంథమీబా లాంటి సూక్ష్మజీవులు పెరుగుతాయి, అవి కంటికే ఎసరు పెడతాయి. వాటికి సంతకాలు చదవడం రాదు.

ల్యాబులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్‌ని తిట్టిపోయడం తేలిక. కానీ దాన్ని మన నెత్తిన ఎవరూ రుద్దలేదు. దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి, బోర్డు మీద లోగో వేసుకోవాలని మనమే తెచ్చుకున్నాం. ఆ గుర్తింపుకి కొలబద్ద అయిన ఐఎస్‌ఓ 15189 ప్రమాణంలో అట్టపెట్టెలు అడ్డం పెట్టమని ఎక్కడా లేదు.

మొన్న హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) కలుపుతుంటే కొత్త కుర్రాడి కంట్లో చింది పడింది. వాడు మీ వైపు కన్నెత్తి కూడా చూడలేదు (చూసే స్థితిలోనూ లేడనుకోండి), సరాసరి టీ కాచే చోట కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. కన్ను దక్కింది. ఇన్సిడెంట్ రిపోర్టులో ఆ పుణ్యం మీ ఖాతాలో రాశారు. కరెక్టివ్ యాక్షన్ కింద మీ నెత్తిన పచ్చ బాణం స్టిక్కర్ అతికించారు, లామినేషన్ చేయించి మరీ. దసరాకి సెంట్రిఫ్యూజుకీ, మైక్రోస్కోపుకీ, ఆఖరికి ఏసీ రిమోటుకీ బొట్లు పెట్టినవాళ్లు మిమ్మల్ని మర్చిపోయారు. పనిచేసే వస్తువుల లెక్కలో లేరు కదా, ఏమీ అనుకోకండి.

సోమవారం ఎన్‌ఏబీఎల్ తనిఖీకి అసెసర్ గారు వస్తున్నారు. ఆదివారమే పెట్టెలు మేడెక్కుతాయి, ప్లంబర్‌కీ కబురు వెళ్లింది. ఆ తుప్పునీళ్లేవో ముందురోజే కక్కేయండి. ఆయన ఎదుట పెడల్ తొక్కినప్పుడు మాత్రం రెండు నోజిళ్లలోంచీ సమానంగా, తెల్లగా రావాలి.

ఇట్లు,
మీ పక్క బెంచీ టెక్నీషియన్

తా.క.: పెట్టెలు మంగళవారానికి దిగిపోతాయి. బెంగ పెట్టుకోకండి.