పట్టడం కన్నా వదలడమే కష్టం

ఎండాకాలం ముదిరేకొద్దీ కాలిఫోర్నియా తీరప్రాంతపు వాగులు ముక్కలైపోతాయి. గులకరాళ్ల మీద పల్చగా పారే నీరు ముందు ఆగిపోతుంది. ఆ తర్వాత మిగిలేది ఎగువన ఒక మడుగు, దిగువన ఒక మడుగు, నడుమ పొడిరాళ్లు. ఆ మడుగుల్లో చిక్కుకునేవి ఎక్కువగా ఆ ఏడాది వసంతంలో పుట్టిన స్టీల్‌హెడ్ ట్రౌట్ పిల్లలు. సముద్రానికి పోయి పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికే తిరిగొచ్చే రెయిన్‌బో ట్రౌట్ చేపను స్టీల్‌హెడ్ అంటారు. సముద్రం చేరేలోపు పిల్లలు కనీసం ఒక వేసవిని మంచినీటిలోనే గట్టెక్కాలి.

వాటిని వలేసి పట్టి, బకెట్లలో మోసి, నీళ్లున్న చోట వదలడానికి ఏటా వాలంటీర్లు వాగులోకి దిగుతారు. ఆ తీరంలోని కార్మెల్ నదిలో ఈ పని 1970ల నుంచి సాగుతోంది. సాయంత్రానికి ఇన్ని చేపలను మోశామని లెక్క తేలుతుంది. వాటిలో ఎన్ని తొలి వాన దాకా బతికాయన్నది మాత్రం చాలా చోట్ల ఎవరూ చూడరు. ఆ లెక్కే అసలైనదని ఒప్పుకుంటే పని పద్ధతి మొత్తం మారాలి.

ముందు తేల్చాల్సింది ఏ మడుగును ముట్టుకోకూడదన్నది. పైన పారుదల ఆగినా, ఇసుక కింద నడిచే నీరు కొన్ని మడుగులను వాన దాకా నిలబెడుతుంది. చెలమలో ఊరినట్టే నీరు ఊరుతుంది. అలాంటి మడుగు అడుగున నీరు చల్లగా ఉంటుంది, చేపలన్నీ ఆ ఊట దగ్గరే గుంపుగా నిలబడతాయి. అక్కడి పిల్లలను పట్టి తీసుకుపోవడం వాటికి చేసే అన్యాయమే. మడుగు అంచున నీటిమట్టం దగ్గర ఒక మేకు దిగ్గొట్టి, రోజూ ఒకే వేళకు మట్టం కొలిస్తే సంగతి తెలుస్తుంది. వేళ తప్పకూడదు, ఎందుకంటే పగలు ఒడ్డు చెట్లు నీరు పీలుస్తాయి, రాత్రి మట్టం కాస్త లేస్తుంది. ఉదయం ఒక రోజు, సాయంత్రం ఒక రోజు కొలిస్తే ఆ అంకెలు ఎందుకూ పనికిరావు. వరసగా కొలిచినప్పుడు మట్టం రోజురోజుకీ దిగిపోతుంటే ఆ మడుగు నిలవదు.

నిలవదని తేలాక ఆలస్యం చేస్తే చేపకే నష్టం. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో దాదాపు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 25 డిగ్రీలకు అది 8కి పడిపోతుంది. ఇక నాచు, కుళ్లిన ఆకులు రాత్రంతా ఆక్సిజన్ వాడేస్తాయి కాబట్టి తెల్లవారుజామున అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. లీటరుకు 5 మిల్లీగ్రాముల కంటే తగ్గితే ట్రౌట్ నీరసిస్తుంది. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయంటే అప్పటికే చాలా ఆలస్యమైనట్టు. ఆ స్థితిలో పట్టిన చేప బకెట్‌లో ఈదుతూనే కనిపిస్తుంది, మర్నాడు చచ్చిపోతుంది.

పట్టడానికి ముడులు లేని మెత్తటి వల కావాలి. ముడులు చేప ఒంటి జిగురును గీకేస్తాయి, గీకినచోట బూజు పడుతుంది. చేతులు తడిపాకే చేపను తాకాలి. సన్‌స్క్రీన్, దోమల మందు రాసుకున్న చేతులతో అసలు తాకొద్దు. కరెంటు పెట్టి చేపను మైకంలో పడేసే యంత్రాన్ని శిక్షణ ఉన్నవాళ్లే వాడాలి. నీరు 18 డిగ్రీలు దాటితే దాన్ని వాడొద్దన్నది అమెరికా సముద్ర మత్స్య శాఖ మార్గదర్శకం. నడి వేసవిలో మధ్యాహ్నం మడుగు ఆ హద్దు ఇట్టే దాటేస్తుంది. అందుకే ఆ పని పొద్దున్నే ముగించాలి.

20 లీటర్ల బకెట్‌ను మూడింట రెండు వంతులు వాగు నీటితోనే నింపాలి. బ్యాటరీతో నడిచే గాలి పంపు, దాని గొట్టానికి మాత్రం రంధ్రం ఉన్న మూత ఉండాలి. వేలెడంత పిల్లలైతే ఒక బకెట్‌కు పాతిక, ముప్పై చాలు. పెద్ద ట్రౌట్‌ను వేరే బకెట్‌లో వేయాలి. లేదంటే దారిలోనే పిల్లలను మింగేస్తుంది. నీరు వేడెక్కితే అందులో ఐసు ముక్కలు వేయడం అందరూ చేసే తప్పు. కుళాయి నీటి ఐసులో క్లోరిన్ ఉంటుంది, అది మొప్పలను కాల్చేస్తుంది. మూత బిగించి గడ్డకట్టించిన నీళ్ల సీసాను బకెట్‌లో దించితే సరిపోతుంది.

ఇక వదలడం. చోటు ఎంపిక వల తడవకముందే జరగాలి. అదే నదీ పరీవాహకంలో, ఎగువన, ఏడాది పొడుగునా పారే భాగం అయ్యుండాలి. ట్రౌట్ పిల్ల తన జాగాను కాపలా కాస్తుంది, కొత్తగా వచ్చినవాటిని తరిమేస్తుంది. బాగుందని ఒకే మడుగులో రెండు వందలు కుమ్మరిస్తే, తిండి చాలక కొన్ని, కొంగల నోట పడి కొన్ని పోతాయి. నాలుగైదు చొప్పున రాళ్ల సందులు, వేళ్ల నీడలు చూసి వదలాలి. బకెట్ నీటికీ వాగు నీటికీ తేడా 2 డిగ్రీలు దాటితే, పావుగంట, ఇరవై నిమిషాలు గ్లాసు గ్లాసు చొప్పున వాగు నీరు కలుపుతూ పోవాలి. వేరే వాగు నుంచి వచ్చిన బూట్లు, వలలు శుభ్రం చేసి పూర్తిగా ఆరబెట్టనిదే ఈ వాగులో దింపకూడదు. ఆవగింజంత న్యూజిలాండ్ బురద నత్త ఒక్కటి బూటు సందులో వచ్చినా చాలు, మగ నత్త లేకుండానే సంతానాన్ని పెంచుకుంటుంది.

వీటన్నిటికీ ముందు అనుమతి ఉండాలి. కార్మెల్ నది ఉన్న దక్షిణ-మధ్య తీరపు స్టీల్‌హెడ్‌ను 1997లో ముప్పున్న జాతిగా ప్రకటించారు. అనుమతి లేకుండా దాన్ని పట్టడం, ప్రాణం కాపాడటానికే అయినా, నేరం.

మోసిన చేప బతికిందో లేదో తెలుసుకునే దారి ఉంది. కాస్త పెద్ద పిల్లల కడుపులో 12 మిల్లీమీటర్ల గుర్తింపు చిప్ పెట్టి, శీతాకాలపు వానల ప్రవాహంలో అవి దిగువకు పోయేటప్పుడు యాంటెన్నాతో చదవొచ్చు. దానికి డబ్బు, ఓపిక రెండూ కావాలి. బకెట్లకు దొరికినంత సులువుగా దీనికి విరాళాలు దొరకవు, అదే బాధ.

కార్మెల్ దిగువన నీరు ఎండడానికి కరువొక్కటే కారణం కాదు. నది పక్క ఇసుక పొరల్లోంచి బావులతో పట్టణాలకు నీరు తోడారు. హక్కుకు మించి తోడుతున్నారని రాష్ట్ర జలవనరుల నియంత్రణ బోర్డు 1995లో తేల్చింది, 2009లో తగ్గించమని ఆదేశించింది. అనుమతి లేని తోడకం ఆపడానికి చివరి గడువు 2021 డిసెంబరు దాకా సాగింది. అన్నేళ్లూ పిల్లలను మోసినవాళ్లు చాలా చేపలను కాపాడారు. వాళ్లు మోస్తున్నారు కదా అని నదిని ఎండనివ్వడం కూడా అన్నేళ్లూ సాగింది. అందుకే వాలంటీర్ల చేతిలో బకెట్‌తో పాటు ఆ మేకు కొలతల పుస్తకం కూడా ఉండాలి. ఏ రోజు, ఏ మడుగు, ఎన్ని సెంటీమీటర్లు దిగింది, దగ్గర్లోని ఏ బావి ఆ రోజు నడిచింది అన్న వివరాలు తారీఖులతో సహా బోర్డు విచారణలో పెడితే, పక్క ఏడాది అదే మడుగులో వల వేయాల్సిన అవసరం తగ్గే వీలుంది.